వంశపారంపర్య కండర క్షీణత: నూజివీడు మామిడి ప్రాంతంలో విస్తరణ శాస్త్రవేత్తలు గ్రహించవలసిన అంశాలు

ఉపోద్ఘాతం

నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మండలాల్లో ఏప్రిల్ నుండి జూన్ వరకు గ్రామ జీవనమంతా మామిడి కోత చుట్టూనే తిరుగుతుంది. బంగినపల్లి, చిన్నరసం, పెద్దరసం, కలెక్టర్ రకాల తోటల్లో నిచ్చెన ఎక్కడం, చిక్కం కట్టిన గడతో కాయ దింపడం, గంపలు తలకెత్తుకోవడం, వాటిని బండి వద్దకు చేర్చడం వంటివన్నీ భుజాలు, నడుము, తొడల కండరాల బలంపై ఆధారపడిన పనులు. ఇటువంటి ప్రాంతంలో ఆరేడేళ్ల బాలుడు తరచుగా పడిపోతున్నా, మెట్లు ఎక్కలేకపోతున్నా, పాతికేళ్ల యువకుడు నిచ్చెన ఎక్కడానికి వెనుకాడుతున్నా ఆ కుటుంబం తొలుత దానిని బలహీనతగానో బద్ధకంగానో భావిస్తుంది. టానిక్కులు, తాయెత్తులు, పసరు మందులతో కొన్నేళ్లు గడిచిపోతాయి. అసలు కారణం తెలిసేనాటికి తోటను కౌలుకు ఇవ్వడమో, కొంత భూమిని అమ్ముకోవడమో జరిగిపోయి ఉంటుంది. ఆలోగా అదే ఇంట మరొక బిడ్డ అదే వ్యాధితో పుట్టి ఉండవచ్చు కూడా.

వ్యవసాయ విస్తరణ శాస్త్రవేత్త వైద్యుడు కాడు. అయితే రైతు గడప తొక్కే విద్యావంతుల్లో అతడు ముఖ్యుడు. పైగా ఈ వ్యాధిని అర్థం చేసుకోవడానికి అవసరమైన మూలసూత్రాలైన పృథక్కరణ, అంతర్గత లక్షణాలు, అంతఃప్రజననం, ఉత్పరివర్తనం అతడు తరగతి గదిలో చదువుకున్నవే. ఆ పరిజ్ఞానాన్ని మానవ కుటుంబానికి ఎంతవరకు అన్వయించవచ్చో, ఎక్కడ ఆగాలో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

వ్యాధి స్వభావం

మస్కులర్ డిస్ట్రఫీ అనేది ఒకే వ్యాధి పేరు కాదు. జన్యు లోపం వల్ల కండర తంతువులు క్రమంగా నశించి, వాటి స్థానంలో కొవ్వు, పీచు కణజాలం చేరే అనేక వ్యాధుల సమూహానికి అది ఉమ్మడి పేరు. తెలుగులో దీనిని కండరాల క్షీణత వ్యాధిగా వ్యవహరిస్తున్నారు. ఇది అంటువ్యాధి కాదు. ఆహార లోపం వల్ల వచ్చేదీ కాదు. దూడలలో, గొర్రె పిల్లలలో సెలీనియం, విటమిన్ ఇ లోపం వల్ల కనిపించే తెల్ల కండర వ్యాధిని కూడా పశువైద్య గ్రంథాలు పోషకాహార సంబంధ మస్కులర్ డిస్ట్రఫీ అని పేర్కొంటాయి. పేరు ఒకటే అయినా ఈ రెండింటి మూలం వేరు. దూడకు సెలీనియం, విటమిన్ ఇ అందించి ఆ వ్యాధిని నివారించవచ్చు. మనుషుల్లో వంశపారంపర్యంగా వచ్చే క్షీణతకు ఏ ఖనిజ లవణమూ, ఏ విటమిన్ మందూ విరుగుడు కాదు.

ఈ సమూహంలో బాలురలో అత్యధికంగా కనిపించేది డుషెన్ రకం. సుమారు 3,500 నుండి 5,000 మగ శిశు జననాలకు ఒకరిలో ఇది కనిపిస్తుందని అంచనా. 1851లో లండన్ వైద్యుడు ఎడ్వర్డ్ మెరియాన్ ఒకే కుటుంబంలోని సోదరులలో ఈ వ్యాధిని పరిశీలించి, లోపం నరాలలో కాక కండర తంతువుల పొరలోనే ఉన్నదని గుర్తించాడు. 1868లో ఫ్రెంచి వైద్యుడు గియోమ్ డుషెన్ దీనిని సవివరంగా వర్ణించడంతో అతని పేరు స్థిరపడింది. ఇదే జన్యువులోని లోపం వల్ల ఆలస్యంగా మొదలై, నెమ్మదిగా సాగే రూపం బెకర్ రకం. తుంటి, భుజ కండరాలను ప్రధానంగా దెబ్బతీసే లింబ్ గర్డిల్ రకాలు స్త్రీ పురుషులిద్దరిలోనూ వస్తాయి. ముఖం, భుజాలను బలహీనపరిచే రకం, బిగించిన పిడికిలిని వెంటనే విప్పలేని మయోటోనిక్ రకం పెద్దలలో ఎక్కువగా బయటపడతాయి.

జన్యువు నుండి కండరం వరకు

డుషెన్ వ్యాధికి మూలమైన జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉన్నది. 1986లో అమెరికాలో లూయిస్ కుంకెల్ బృందం ఈ జన్యువును గుర్తించింది. మరుసటి సంవత్సరం దాని నుండి తయారయ్యే ప్రోటీనును కనుగొని దానికి డిస్ట్రోఫిన్ అని పేరు పెట్టారు. మానవ జన్యువులలో అత్యంత పొడవైన వాటిలో ఇది ఒకటి. సుమారు 22 లక్షల క్షార జతలు, 79 ఎక్సాన్లు ఇందులో ఉన్నాయి. తయారయ్యే ప్రోటీనులో 3,685 అమైనో ఆమ్లాలు ఉంటాయి.

కండర తంతువు లోపలి సంకోచ యంత్రాంగాన్ని బయటి పొరతో కలిపి ఉంచే బంధనంగా డిస్ట్రోఫిన్ పనిచేస్తుంది. అది లేనపుడు కండరం పనిచేసిన ప్రతిసారీ పొర చిట్లుతుంది. కాల్షియం అదుపు లేకుండా లోపలికి ప్రవేశిస్తుంది, తంతువు చనిపోతుంది. చిన్న వయసులో పక్కనున్న మూల కణాలు కొత్త తంతువులను తయారుచేసి ఆ నష్టాన్ని పూడుస్తాయి. కొన్నేళ్లకు ఆ శక్తి తరిగి, పీచు కణజాలం పెరుగుతుంది. బిడ్డ పుట్టినపుడు ఆరోగ్యంగా కనిపించి, మూడు నాలుగేళ్లకు లక్షణాలు బయటపడటానికి కారణం ఇదే.

ఒకే జన్యువు దెబ్బతిన్నప్పటికీ డుషెన్ తీవ్రంగానూ, బెకర్ స్వల్పంగానూ ఎందుకు ఉంటాయన్న ప్రశ్న విద్యార్థులకు ఆసక్తికరమైనది. జన్యు సంకేతాన్ని కణం మూడేసి అక్షరాలుగా చదువుతుంది. 45వ ఎక్సాన్‌లో 176 క్షారాలు ఉన్నాయి. ఈ సంఖ్య మూడుతో నిశ్శేషంగా భాగింపబడదు. అందువల్ల ఆ ఒక్క ఎక్సాన్ లోపించినా తరువాతి వరుసంతా తప్పుగా చదవబడి, ప్రోటీను మధ్యలోనే ఆగిపోతుంది. ఫలితం సాధారణంగా డుషెన్. అదే 45, 46, 47 ఎక్సాన్లు మూడూ లోపిస్తే పోయే క్షారాలు 176, 148, 150 కలిసి 474. ఇది మూడుతో భాగింపబడుతుంది. వరుస చెడదు, కొంత కురచదైనా పనికివచ్చే ప్రోటీను తయారవుతుంది. ఫలితం సాధారణంగా బెకర్. ఎక్కువ భాగం పోయినవాడికి స్వల్ప వ్యాధి, తక్కువ భాగం పోయినవాడికి తీవ్ర వ్యాధి రావడంలోని కారణం ఈ చిన్న లెక్కలో ఉన్నది. కొన్ని కొత్త ఔషధాలు కూడా ఈ సూత్రం మీదనే రూపొందాయి.

గుర్తించవలసిన లక్షణాలు

డుషెన్ వ్యాధిగల బాలుడు తోటివారికన్నా ఆలస్యంగా నడవడం, పరుగెత్తలేకపోవడం, మునివేళ్లపై నడవడం, బాతులా ఊగుతూ నడవడం రెండు నుండి ఐదేళ్ల మధ్య కనిపిస్తాయి. పిక్కలు లావుగా, గట్టిగా ఉంటాయి. దీనిని చూసి బిడ్డ దృఢంగా ఉన్నాడని తల్లిదండ్రులు పొరబడతారు. నేల మీద కూర్చున్న బాలుడు లేవడానికి ముందుగా చేతులు నేలకు ఆనించి, తరువాత మోకాళ్లపై, తొడలపై ఒకదాని తరువాత ఒకటి పెట్టుకుంటూ తన శరీరం మీద తానే పాకినట్లు లేస్తాడు. దీనిని గోవర్స్ చిహ్నం అంటారు. చూడటానికి ఏ పరికరమూ అక్కరలేదు, కొద్ది క్షణాలు చాలు. చికిత్స లేని పక్షంలో సాధారణంగా పన్నెండేళ్ల లోపు నడక ఆగిపోతుంది. ఆ తరువాత వెన్ను వంగడం, ఊపిరి కండరాల బలహీనత, గుండె కండర వ్యాధి ఒకదాని వెంట ఒకటి వస్తాయి.

లింబ్ గర్డిల్ రకాలలో లక్షణాలు తరచుగా కౌమార, యౌవన దశలలో మొదలవుతాయి. గంపను తలపైకి ఎత్తలేకపోవడం, గడను భుజం పైకి లేపి నిలపలేకపోవడం, గొంతు కూర్చుని లేవలేకపోవడం వంటివి వ్యవసాయ కుటుంబాలలో తొలి సూచనలు. ఇవి కోత కాలంలోనే బయటపడటం సహజం. శ్రమ పెరిగినపుడు దాగి ఉన్న బలహీనత కనిపిస్తుంది. ఆ శ్రమే వ్యాధికి కారణమని భావించరాదు.

పొరపాటుకు తావిచ్చే ఇతర కారణాలు

తోటలలో పురుగుమందుల వాడకం ఎక్కువ కాబట్టి కండరాల బలహీనతకు పిచికారీయే కారణమన్న అనుమానం సహజంగా కలుగుతుంది. కొన్ని ఆర్గనోఫాస్ఫరస్ మందుల విషప్రభావం తరువాత రెండు మూడు వారాలకు కాళ్ల నరాలు దెబ్బతినడం నిజమే. అయితే అది పాదాలలో తిమ్మిరి, పాదం జారిపోవడంతో మొదలవుతుంది, విషప్రభావానికి గురైన సంఘటన స్పష్టంగా ఉంటుంది. కండర క్షీణత తుంటి, తొడల వద్ద మొదలవుతుంది, స్పర్శ చెడదు, ఏళ్ల తరబడి నెమ్మదిగా సాగుతుంది. కేసరి పప్పు అధికంగా తినడం వల్ల వచ్చే లాథిరిజంలో కాళ్లు బిగుసుకుపోతాయి. అది నాడీ వ్యాధి. ఒకప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలలో 1937లో నమోదై, తరువాత నల్గొండలో విస్తారంగా కనిపించిన ఫ్లోరోసిస్ ఎముకలను, కీళ్లను బిగదీస్తుంది. కార్బైడుతో కాయలు మగ్గబెట్టడం చట్టరీత్యా నిషిద్ధం, ఆరోగ్యానికి హానికరం. కానీ అది వంశపారంపర్య కండర క్షీణతను కలిగించదు. తప్పు కారణాన్ని నమ్మిన కుటుంబం నీటిని, తోటను, పొరుగువారిని నిందిస్తూ పరీక్షను వాయిదా వేస్తుంది. అసలు నష్టం అక్కడ జరుగుతుంది.

వారసత్వ విధానాలు

మామిడి రైతుకు వారసత్వం గురించి అనుభవ జ్ఞానం ఉన్నది. బంగినపల్లి టెంకను నాటితే తల్లి చెట్టు వంటి చెట్టు రాదని అతనికి తెలుసు. అందుకే అంటు కడతాడు. భారతీయ మామిడి రకాలలో అత్యధికం ఏకపిండ రకాలు. టెంకలోని ఒకే ఒక పిండం సంపర్క ఫలితం, అంటే తల్లిదండ్రుల జన్యువుల కొత్త కలయిక. అంటు మొక్క మాత్రం తల్లికి జన్యుపరంగా నకలు. మనిషి బిడ్డ ఎప్పుడూ టెంక మొక్క వంటివాడే. తల్లిదండ్రులిద్దరూ ఆరోగ్యంగా ఉండి, బిడ్డకు వ్యాధి రావడం ఎలా సాధ్యమన్న ప్రశ్నకు ఈ పోలిక తొలి సమాధానం ఇస్తుంది.

డుషెన్, బెకర్ రకాలు ఎక్స్ క్రోమోజోమ్‌కు అనుబంధమైనవి. పురుషునికి ఒకే ఎక్స్ ఉంటుంది కాబట్టి అందులోని లోపం వ్యాధిగా వ్యక్తమవుతుంది. స్త్రీకి రెండు ఎక్స్‌లు ఉన్నందున ఆమె సాధారణంగా వాహకురాలిగా మాత్రమే ఉంటుంది. అయితే కొందరు వాహకురాళ్లలో కండర బలహీనత, గుండె కండర వ్యాధి కనిపించవచ్చు. వాహకురాలైన తల్లికి ప్రతి గర్భంలోనూ వ్యాధిగల కుమారుడు, ఆరోగ్యవంతుడైన కుమారుడు, వాహకురాలైన కుమార్తె, లోపం లేని కుమార్తె పుట్టే అవకాశాలు ఒక్కొక్కటి నాలుగింట ఒకటి. అందువల్ల కుటుంబ చరిత్ర సేకరించేటపుడు తండ్రి వైపుకన్నా తల్లి వైపు మేనమామలను, పెద్దమ్మ, పిన్నమ్మల కుమారులను గురించి అడగడం ముఖ్యం.

అయితే ఈ వ్యాధిగల బాలురలో సుమారు మూడో వంతు మందిలో లోపం కొత్తగా ఏర్పడిన ఉత్పరివర్తనం. జన్యువు అంత పొడవైనది కావడం ఇందుకు ఒక కారణం. పూర్వీకులలో ఎవరికీ లేని లోపం ఒక చెట్టు కొమ్మలో మొగ్గ ఉత్పరివర్తనంగా తలెత్తినట్లే ఇదీ తలెత్తుతుంది. అందుచేత మా వంశంలో ఎవరికీ లేదు కాబట్టి ఇది వంశపారంపర్యం కాదన్న వాదన నిలవదు. తల్లి వైపు నుండి వచ్చింది కాబట్టి తల్లిదే దోషమన్న వాదన అంతకన్నా నిలవదు. తన జన్యువులను ఎంచుకుని పుట్టిన మనిషి ఎవరూ లేరు. విస్తరణ సిబ్బంది ఈ మాటను కుటుంబ పెద్దల సమక్షంలో స్పష్టంగా చెప్పగలగాలి. ఈ వ్యాధి బయటపడిన ఇంట కోడలిని నిందించి పుట్టింటికి పంపే ప్రమాదం ఉన్నది కాబట్టి ఇది శాస్త్ర విషయమే కాక న్యాయ విషయం కూడా.

లింబ్ గర్డిల్ రకాలలో అధిక భాగం దైహిక క్రోమోజోములపై ఉన్న అంతర్గత లక్షణాలు. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ప్రతి గర్భంలోనూ వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి, ఆడ మగ భేదం లేదు. మొక్కజొన్నలో స్వపరాగ సంపర్కం జరిపినపుడు పచ్చని తల్లి మొక్క సంతతిలో అక్కడక్కడ తెల్ల మొలకలు రావడం ప్రతి వ్యవసాయ విద్యార్థి చూసినదే. సూత్రం అదే. మయోటోనిక్ రకం, ముఖ భుజ రకం బహిర్గత లక్షణాలు. తల్లిదండ్రులలో ఒకరికి ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సగం.

మేనరికం: లెక్క ఏమి చెబుతుంది

దక్షిణాది రాష్ట్రాలలో రక్తసంబంధ వివాహాలు దేశ సగటుకన్నా ఎక్కువ. మేనమామ మేనకోడళ్ల వివాహంలో బిడ్డ అంతఃప్రజనన గుణకం ఎనిమిదింట ఒకటి. మేనత్త, మేనమామ పిల్లల మధ్య వివాహంలో పదహారింట ఒకటి. ఒక్క తరం స్వపరాగ సంపర్కంలో ఇది సగం. కాబట్టి మేనరికం స్వపరాగ సంపర్కమంత తీవ్రమైనది కాదు, అలాగని నిర్లక్ష్యం చేయదగినదీ కాదు.

ఒక అంతర్గత లోప యుగ్మవికల్పం జనాభాలో 200కు ఒకటి చొప్పున ఉన్నదని అనుకుందాం. అప్పుడు సుమారు వందమందిలో ఒకరు వాహకులు. సంబంధం లేని దంపతుల సంతానంలో వ్యాధి అవకాశం 40,000కు ఒకటి. మేనబావ మరదళ్ల సంతానంలో అది దాదాపు 3,000కు ఒకటి, మేనమామ మేనకోడళ్ల సంతానంలో దాదాపు 1,550కి ఒకటి అవుతుంది. అంటే వరుసగా 13 రెట్లు, 26 రెట్లు పెరిగింది. అయినా మేనరికం చేసుకున్న దంపతులలో అత్యధికులకు ఈ వ్యాధిగల బిడ్డ పుట్టదు. తమ ఊరిలో మేనరికాలు చేసుకున్నవారందరి పిల్లలూ బాగానే ఉన్నారని రైతు అనడంలో అబద్ధం లేదు. అతని అనుభవం చిన్న నమూనాకు సంబంధించినది. అరుదైన సంఘటన చిన్న నమూనాలో కనిపించదు.

కుటుంబంలో ఇప్పటికే లింబ్ గర్డిల్ వ్యాధిగ్రస్తులు ఉంటే లెక్క పూర్తిగా మారిపోతుంది. రోగి తల్లిదండ్రులిద్దరూ వాహకులు. రోగికి ఆరోగ్యవంతుడైన అన్న, ఆరోగ్యవంతురాలైన అక్క ఉన్నారనుకుందాం. వారిలో ప్రతి ఒక్కరూ వాహకులయ్యే అవకాశం మూడింట రెండు వంతులు. ఆ అక్క కుమార్తె వాహకురాలయ్యే అవకాశం మూడింట ఒకటి. ఆ అన్న తన మేనకోడలిని వివాహమాడితే వారి ప్రతి బిడ్డకూ వ్యాధి అవకాశం పద్దెనిమిదింట ఒకటి. సంబంధం లేని స్త్రీని వివాహమాడితే పై అంచనా ప్రకారం 600కు ఒకటి. ఆస్తి చేజారకూడదని, ఇంటి సంగతి తెలిసినవారైతే రోగిని ఆదరిస్తారని ఇటువంటి ఇళ్లలోనే మేనరికానికి మొగ్గు చూపడం కద్దు. ప్రమాదం ఎక్కువైన చోట ఆకర్షణ కూడా ఎక్కువ కావడం గమనార్హం.

డుషెన్ విషయంలో మాత్రం ఈ వాదన వర్తించదు. ఆరోగ్యవంతుడైన మేనమామ తన ఏకైక ఎక్స్‌లో ఆ లోపాన్ని మోయడు. వాహకురాలైన యువతి మేనమామను చేసుకున్నా, పరాయివానిని చేసుకున్నా కుమారునికి వ్యాధి వచ్చే అవకాశం ఒకటే. అందుచేత కండర క్షీణత కనిపించిన ప్రతి ఇంటా మేనరికాన్నే కారణంగా చెప్పడం అశాస్త్రీయం. రకం తెలియకుండా సలహా ఇవ్వకూడదు. పరాయి సంబంధం చేసుకుంటే చాలని వాహకురాలికి భరోసా ఇవ్వడం ఆమెను మోసగించడమే.

మరొక అంశం. దగ్గరి బంధువులు కాకపోయినా తరతరాలుగా ఒకే కులంలో వివాహాలు జరిగితే కూడా అంతర్గత లోపాలు పోగుపడతాయి. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, తంగరాజ్‌లు విదేశీ శాస్త్రవేత్తలతో కలిసి 2009లో ప్రచురించిన అధ్యయనంలో ఆంధ్రప్రదేశ్ వైశ్య సమాజం వందకు పైగా తరాల క్రితం కొద్దిమంది పూర్వీకుల నుండి విస్తరించినట్లు తేలింది. శస్త్రచికిత్స సమయంలో కండరాలను సడలించడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ మందును శరీరం విచ్ఛిన్నం చేయలేని లోపం ఈ సమాజంలో ఎక్కువగా కనిపించడం దీనికి నిదర్శనం. ఇది కండర క్షీణత కాదు, మందు ఇచ్చినపుడు మాత్రమే బయటపడే లోపం. ఏ సమాజానికైనా తనదైన కొన్ని లోపాలు ఉంటాయి. ఇందులో హెచ్చుతగ్గుల ప్రసక్తి లేదు. దశేరి, లంగ్రా, చౌసా వంటి మామిడి రకాలు తమ పుప్పొడితో తాము కాయలు పట్టవు కాబట్టి తోటలో వేరే రకాన్ని కూడా నాటుతారు. మనుషులకు అటువంటి సహజ అడ్డంకి లేదు, సమాచారం ఒక్కటే ఆధారం.

నిర్ధారణ

తొలి పరీక్ష రక్తంలో క్రియాటిన్ కైనేజ్ స్థాయి. సాధారణంగా లీటరుకు 200 యూనిట్ల లోపు ఉండే ఈ ఎంజైము డుషెన్ వ్యాధిలో 10,000 దాటడం కద్దు. ఈ పరీక్ష సాధారణ ప్రయోగశాలల్లోనే లభిస్తుంది. కాలేయ పరీక్షలలో కొలిచే రెండు ఎంజైములు కండరాలలోనూ ఉంటాయి. వాటి పెరుగుదలను చూసి కాలేయ వ్యాధి అని పొరబడి, పసరు మందుల వైపు మళ్లే ప్రమాదం ఉన్నది. తదుపరి మెట్టు జన్యు పరీక్ష. డుషెన్ రోగులలో మూడింట రెండు వంతుల మందిలో ఎక్సాన్ల లోపం ఉంటుంది కాబట్టి ఎంఎల్‌పీఏ అనే పరీక్షతో మొదలుపెడతారు. అందులో తేలకపోతే జన్యువు మొత్తాన్ని అక్షరక్రమంలో చదువుతారు. హైదరాబాదులోని సీడీఎఫ్‌డీ, నిమ్స్ సంస్థలు అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద ఉమ్మడి ప్రతిభా కేంద్రంగా గుర్తింపు పొందాయి.

రోగిలో లోపం ఖచ్చితంగా తెలిసిన తరువాతే తల్లికి, అక్కచెల్లెళ్లకు, పిన్నమ్మలకు వాహకత్వ పరీక్ష అర్థవంతమవుతుంది. తల్లి రక్త పరీక్షలో లోపం కనిపించకపోయినా ఆమె అండకణాలలో కొన్నిటిలో ఉండే అవకాశాన్ని పూర్తిగా తోసిపుచ్చలేము. కాబట్టి మరుసటి గర్భంలోనూ జన్యు సలహా అవసరం. గర్భస్థ లింగ నిర్ధారణను నిషేధించిన 1994 నాటి చట్టం లింగ సంబంధ జన్యు వ్యాధుల నిర్ధారణను మాత్రం నమోదైన కేంద్రాలలో అనుమతిస్తుంది. ఈ పరీక్షను 11వ వారం నుండి చేయవచ్చు. గర్భం నిలిచిన తరువాత లోపం ఏమిటో వెతకడానికి వ్యవధి చాలదు. ముందుగానే రోగి పరీక్ష పూర్తిచేయించాలి.

చికిత్స: సాధ్యమైనది, సాధ్యం కానిది

ఈ వ్యాధులను పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. చేయగలిగినది మాత్రం చాలా ఉన్నది. డుషెన్ బాలురకు ప్రెడ్నిసొలోన్, డెఫ్లజాకార్ట్ వంటి స్టెరాయిడ్లు నడక కాలాన్ని కొన్ని సంవత్సరాలు పొడిగిస్తాయి. బరువు పెరగడం, ఎముకలు బలహీనపడటం వంటి దుష్ఫలితాలు ఉన్నందున వైద్య పర్యవేక్షణ తప్పనిసరి. వీటిని హఠాత్తుగా మానకూడదు. కీళ్లు బిగుసుకోకుండా నిత్యం చేయించే సాగదీత వ్యాయామం, రాత్రివేళ పాదాలకు పట్టీలు, ఏటా గుండె, ఊపిరితిత్తుల పరీక్ష, అవసరమైనపుడు రాత్రివేళ శ్వాస యంత్రం ఆయుర్దాయాన్ని గణనీయంగా పెంచాయి. మత్తుమందు ఇవ్వవలసి వస్తే వ్యాధి సంగతిని ముందుగా తెలపాలి. సక్సినైల్‌కోలిన్ ఈ రోగులకు ప్రాణాంతకం కావచ్చు.

లోపించిన ఎక్సాన్ పక్కనున్న మరొక ఎక్సాన్‌ను దాటవేయించి మూడక్షరాల వరుసను సరిచేసే తొలి మందుకు అమెరికా 2016లో అనుమతి ఇచ్చింది. కురచ డిస్ట్రోఫిన్ జన్యువును వైరస్ ద్వారా చేర్చే చికిత్సకు 2023లో అనుమతి లభించింది. దాని ధర 32 లక్షల డాలర్లు. తీవ్రమైన కాలేయ వైఫల్యంతో మరణాలు సంభవించడంతో 2025లో దాని వాడకంపై ఆంక్షలు వచ్చాయి. ఇవి ఆశ కల్పించే పరిశోధనలే, కానీ తోట అమ్మి కొనదగిన మందులు కావు. ప్రకటనల ద్వారా ప్రచారమయ్యే మూల కణాల చికిత్సలకు ఈ వ్యాధిలో ప్రయోజనం రుజువు కాలేదు. రైతు భూమిని తాకట్టు పెట్టే ముందు ఈ ఒక్క మాట అతనికి చేరితే విస్తరణ వ్యవస్థ గొప్ప మేలు చేసినట్లే.

వ్యవసాయ పనిలో సర్దుబాట్లు

బెకర్, లింబ్ గర్డిల్ వ్యాధిగ్రస్తులలో అనేకులు దశాబ్దాల పాటు పనిచేయగలరు. బరువుతో కిందికి దిగేటపుడు, దించేటపుడు కండరం సాగుతూనే బిగుసుకుంటుంది. బలహీనమైన తంతువుల పొర ఎక్కువగా చిట్లేది అప్పుడే. కాబట్టి ఎక్కడంకన్నా నిచ్చెన దిగడం, గంప దించడం ఎక్కువ హానికరం. ఏటా కొమ్మలు కత్తిరించి చెట్టు ఎత్తును అదుపులో ఉంచిన తోటలో, అధిక సాంద్రత పద్ధతిలో నాటిన తోటలో చాలావరకు కాయలు నేల మీద నుండే అందుతాయి. నర్సరీలో కూర్చుని అంటు కట్టడం, కాయల గ్రేడింగు, లెక్కల నిర్వహణ, బిందు సేద్యం వాల్వుల పర్యవేక్షణ తగిన పనులు. అలసట, నొప్పి మరునాటికి తగ్గకపోతే పని తగ్గించాలి. మూత్రం నల్లగా, ఎర్రగా వస్తే కండరం తీవ్రంగా దెబ్బతిన్నదని గ్రహించి వెంటనే వైద్యుని వద్దకు వెళ్లాలి. ఊపిరి కండరాలు బలహీనపడినవారు పిచికారీకి దూరంగా ఉండాలి. వ్యాయామం ఎక్కువ చేస్తే కండ పెరుగుతుందన్న సలహా వీరికి వర్తించదు. పూర్తిగా మంచానికి పరిమితం కావడమూ మంచిది కాదు.

అందుబాటులో ఉన్న సహాయం

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో మస్కులర్ డిస్ట్రఫీ ఒకటి. సదరం ధ్రువపత్రం పొందితే రిజర్వేషన్లు, ఇతర సౌకర్యాలకు అర్హత కలుగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా పథకం కింద తీవ్రమైన మస్కులర్ డిస్ట్రఫీ బాధితులకు నెలసరి పింఛనును 2024లో 5,000 రూపాయల నుండి 15,000 రూపాయలకు పెంచారు. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ పాఠశాలలకు వెళ్లి పిల్లలను పరీక్షిస్తాయి. అనుమానిత బాలుని వారికి చూపించడం తొలి మెట్టు. 2021 నాటి అరుదైన వ్యాధుల జాతీయ విధానం డుషెన్ వ్యాధిని తన జాబితాలో చేర్చింది.

ముగింపు

పంట ప్రజననంలో శాస్త్రవేత్త తెల్ల మొలకను పీకివేసి, మంచి వరుసను ముందుకు తీసుకువెళతాడు. మానవ జన్యుశాస్త్రం సూత్రాలలో దీనితో సమానమే అయినా, ఉద్దేశంలో పూర్తిగా భిన్నం. ఇక్కడ ఏ మొలకా ఏరివేతకు సంబంధించినది కాదు. బిడ్డకు లభించవలసింది చికిత్స, చదువు, చక్రాల కుర్చీ, తోటలో తగిన పని. తల్లికి లభించవలసింది నింద నుండి విముక్తి. అక్కచెల్లెళ్లకు లభించవలసింది పెళ్లికి, గర్భానికి ముందే సరైన సమాచారం. ఆపై నిర్ణయం వారిది.

విస్తరణ శాస్త్రవేత్త ఆచరించవలసినవి నాలుగు. బాలుడు నేల మీద నుండి లేచే తీరును గమనించడం, క్రియాటిన్ కైనేజ్ పరీక్షకు పంపడం, తల్లి వైపు కుటుంబ చరిత్రను మర్యాదగా అడగడం, రకం తేలకముందే కారణాన్ని తీర్పుగా చెప్పకుండా ఉండటం. నూజివీడు తోటల్లో చీడను ముందుగా గుర్తించడం ఎంత విలువైనదో రైతుకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఇంట్లోని బిడ్డ విషయంలోనూ ముందుగా గుర్తించడం వల్ల నడక కొన్నేళ్లు నిలుస్తుందని, భూమి నిలుస్తుందని, మరో బిడ్డ విషయంలో ఎంపిక మిగులుతుందని అతనికి తెలియజేయడమే విస్తరణ వ్యవస్థ ముందున్న పని.